తువ్వాల చుట్టిన కాలు

ఎవరికైనా నడుము పట్టిందని తెలిస్తే చాలు, మా తాండూరులో వీధి వీధంతా వైద్యులైపోతారు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పొమ్మంటారు, పన్ను నొప్పయినా పొమ్మంటారు. నడుము దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కరికీ తెలిసిన మనిషి ఒకడుంటాడు, నమ్మిన నూనె ఒకటుంటుంది. అలాంటివాళ్లంటే నాకు ఒళ్లు మంట. దాచుకోను. కాకపోతే ఆ వైద్యుల్లో ఒకప్పుడు నేనే పెద్దదాన్ని. కాబట్టి తిట్లు నాతోనే మొదలుపెట్టడం న్యాయం.

నేను కాళ్లు ముందుగా బయటికొచ్చి పుట్టాను. వికారాబాద్‌లో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న మా ఇంట్లో, మంత్రసాని చేతుల్లో. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు విడుస్తుందని మా దిక్కు నమ్మకం. దానికో పద్ధతుంది. ఆదివారం పొద్దున్నే, పళ్లు తోముకోకముందే రావాలి. గోడకు చేతులు ఆనించి వంగి నిలబడాలి. నేను ఎడమ మడమతో మూడుసార్లు తన్నాలి. తన్నించుకున్న మనిషి వెనక్కి తిరగకుండా, నాతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోవాలి. మాట్లాడితే పట్టు మళ్లీ వచ్చేస్తుందట. అలా మూడు ఆదివారాలు.

అయిదేళ్ల పిల్లప్పటినుంచి తన్నాను. లెక్కలు రాకపోతే నా చెవి మెలిపెట్టే పంతులు కూడా ఒక ఆదివారం మా గోడ పట్టుకుని వంగాడు. ఆయనను మాత్రం కొంచెం గట్టిగానే తన్నాను. చాలామందికి తగ్గింది. మామూలు నడుము పట్టు తన్నినా తన్నకపోయినా కొద్దిరోజుల్లో తగ్గుతుందని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. తగ్గనివాళ్లు వచ్చి తగ్గలేదని చెప్పరు, ఎందుకంటే నాతో మాట్లాడకూడదు. ఆ నియమం పెట్టినవాడెవడో గాని మహా తెలివైనవాడు.

అరవై తొమ్మిదిలో, బళ్లు మూతపడి, రైలు ఎప్పుడు కదులుతుందో తెలియని ఆ తెలంగాణ గొడవల ఏడాదిలో నన్ను తాండూరుకు ఇచ్చారు. మా ఆయన నాపరాతి గనిలో పని చేసేవాడు. గడ్డపారతో బండను పొరలుగా లేపడం, నిలబెట్టడం, ఇద్దరు ముగ్గురు కలిసి లారీకెక్కించడం. మాటలు తక్కువ, కోపం కూడా తక్కువ. ఆ రెండూ మా అత్త దగ్గర పుష్కలంగా ఉండేవి.

నా పుట్టుక సంగతి ఆవిడకు పెళ్లయ్యాక తెలిసింది. "ఎదురుకాళ్లతోని పుట్టినదానికి అన్నీ ఎదురు మాటలే" అని నలుగురిలో దెప్పేది. అదే మనిషి ఆదివారం పొద్దున వాకిట్లో ఎవరైనా నడుము పట్టుకుని నిలబడితే వచ్చి నన్ను లేపేది. "లేవే, మంది వచ్చిన్రు." పక్కింటి ఖాలా ఒకసారి గోడకు వంగి, మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి, "జర ఆహిస్తా, బేటీ" అంది, కొంచెం మెల్లగా తన్నమని. మా అత్త ఆమెను వచ్చే ఆదివారం మళ్లీ మొదటినుంచి రమ్మని పంపేసింది. వచ్చినవాళ్ల ముందు నేను ఆవిడ కోడలిని. వాళ్లు పోయాక బోళ్లు తోమేదాన్ని.

డెబ్బై ఆరు ఎండాకాలంలో మా ఆయన నడుము పోయింది. బండ ఎత్తుతుంటే లోపల ఏదో కలుక్కుమందట. ఇద్దరు మనుషులు భుజాల మీద చేతులు వేయించుకుని తీసుకొచ్చారు. కుడి పిర్రనుంచి పిక్కదాకా ఒకటే గుంజుడు. కూర్చోలేడు, పడుకోలేడు, తుమ్మితే కేక పెట్టేవాడు. ఆయన అరవడం నేను ఏడేళ్లలో వినలేదు. విన్న మొదటిరోజు వంటింట్లో నిలబడి ఏడ్చాను.

మా అత్త మొదట సరిహద్దు అవతలినుంచి సంతరోజు బస్సులో వచ్చే కన్నడపు వైద్యుడిని పిలిపించింది. ఆయన కొడవలి మొన పొయ్యిలో ఎర్రగా కాల్చి, మా ఆయన నడుము మీద అయిదు చోట్ల చురకలు పెట్టాడు. నేను అడ్డం పోతే "ఏనూ ఆగల్లమ్మా" అన్నాడు, ఏమీ కాదని. ఆయనకేమవుతుంది! కాలేది మా మనిషి ఒళ్లు. నాలుగు రోజుల్లో ఆ చురకలు పుండ్లయ్యాయి. ఇప్పుడు నడుము లోపలా నొప్పే, పైనా నొప్పే. తర్వాతి సంతకు ఆ పెద్దమనిషి మళ్లీ వచ్చి, పుండు పడ్డదంటే చెడు రక్తం పోతున్నట్టేనని చెప్పి టీ తాగి పోయాడు. నేను ఆ గ్లాసును పెరట్లోకి విసిరేశాను.

మా అమ్మను చూసి వస్తామని అబద్ధం చెప్పి ఆయనను వికారాబాద్ తీసుకుపోయాను. రైల్లో బల్ల మీద బోర్లా పడుకోబెట్టాను. అక్కడి డాక్టరు చొక్కా ఎత్తి చూసి నా మీద అరిచాడు. "మనిషినా, పశువా? గిట్ల కాల్చిన్రేందమ్మా?" కాల్చింది నేను కాదని చెప్పబోతే వినలేదు. ఆయన మీద కూడా నాకు కోపమే వచ్చింది. చదువుకున్నవాళ్లు మనల్ని తిట్టడంలో చూపే ఓపిక చెప్పడంలో చూపరు.

అయినా ఆ రోజు చెప్పాల్సింది చెప్పాడు. పూసల మధ్య ఉండే మెత్తటిది జరిగి నరాన్ని నొక్కుతోందన్నాడు. చెక్కబల్ల మీద ఆరు వారాలు పడుకుంటే చాలామందికి కోత లేకుండానే తగ్గుతుందన్నాడు. తగ్గకపోతే హైదరాబాద్‌లో ఆపరేషన్, దానికీ పూర్తి భరోసా ఎవరూ ఇవ్వరన్నాడు. మా ఆయన బయట బెంచీ మీద ఒరిగాక నన్ను వెనక్కి పిలిచాడు. "అమ్మా, ఇది నువ్వు యాదిపెట్టుకో. కాలి పంజా పైకి లేస్తలేదంటే, లేకుంటే ఒంటికి పోసుడు ఆగిందంటే, గా దినమే హైదరాబాద్ తీస్కపోవాలె. తెల్లారేదాంక కూడ ఆగొద్దు. నొప్పి తగ్గినా సరే." ఆ చివరి మాట రెండుసార్లు అన్నాడు. నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే నొప్పి తగ్గితే ఇంకెందుకు పోవడమని అడుగుదామనుకుని, మళ్లీ అరుస్తాడేమోనని అడగలేదు.

ఇంటికొచ్చి ఆపరేషన్ మాట ఎత్తగానే మా అత్త గుండెలు బాదుకుంది. "బషీరాబాద్ దిక్కు ఒకాయన నడుం కోపిచ్చుకున్నడు. గప్పటిసంది మంచంలనే ఉన్నడు. నా కొడుకును గట్లనే చేస్తవా?" ఆ బషీరాబాద్ మనిషి మా వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ చూడలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆయన అన్న కూతురే నాకు అసలు సంగతి చెప్పింది. ఆయన తాటిచెట్టు మీదనుంచి పడ్డాడు. పడ్డ క్షణంలోనే కాళ్లు పోయాయి. ఆపరేషన్ ఆ తర్వాత చేశారు. మధ్యలో ఉన్న చెట్టును నోళ్లు మింగేశాయి, కత్తిని మాత్రం మిగిల్చాయి.

చెక్కబల్ల మీద మా ఆయన ఇరవై రోజులకు పైగా పడుకున్నాడు. కొంచెం నయమే. కాని గని మేస్త్రీ ఆ చోటికి ఇంకొకణ్ని పెట్టుకుంటానని కబురు పెట్టాడు. ఆయనకు కంగారు పుట్టింది. అప్పుడు మా అత్త అంది, "ఇంట్ల వైద్యం పెట్టుకొని ఊర్లు తిరుగుడేంది?"

ఇంట్లో వైద్యమంటే నేను. ఊరందరి నడుములూ తన్నిన నేను ఆయన నడుమును అంతవరకూ తన్నలేదు. భార్య కాలు భర్తకు తగలకూడదు కదా! తగిలితే మహాపాపం. మా అత్తకు పాపం భయమూ ఉంది, కొడుకు లేవాలన్న ఆశా ఉంది. రెండింటికీ సరిపోయేలా ఒక దారి తనే కనిపెట్టింది. నేను ముందు ఆయన పాదాలకు పసుపు రాసి దండం పెట్టి, తప్పు కాయమని అడగాలి. తర్వాత నా ఎడమకాలికి ఆయన తువ్వాలే చుట్టాలి. అప్పుడు తగిలేది తువ్వాల గాని కాలు కాదట. వినగానే నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఆవిడ నన్ను తిట్టింది. ఆయన మాత్రం నా వైపు చూసి, "కానియ్యి, ఏమన్న గాని" అన్నాడు.

డాక్టరు మాట నా చెవుల్లోనే ఉంది. అయినా తన్నాను. ఒప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది గాని, నా కాలి మీద నాకు నమ్మకముండేది. ఇన్నేళ్లుగా ఇంతమంది వంగి నిలబడితే ఎవరికైనా తల తిరుగుతుంది. మొదటి ఆదివారం ఆయన పళ్లు బిగబట్టి మూలిగాడు. రెండో ఆదివారం మూడో తన్నుకు గోడ పట్టుకునే కూలబడ్డాడు. కాని సోమవారం పొద్దున లేచి, "నొప్పి లేదు" అన్నాడు. పిర్రలో లేదు, పిక్కలో లేదు. నెలన్నర తర్వాత మొదటిసారి నిటారుగా కూర్చుని అన్నం తిన్నాడు.

ఆ రోజు మా ఇల్లు చూడాలి! మా అత్త కొబ్బరికాయ కొట్టి వీధంతా ముక్కలు పంచింది. నాకు చాయ తనే పోసి, తన చేత్తో అందించింది. పెళ్లయిన ఏడేళ్లలో అది మొదటిసారి. ఆడవాళ్లు వచ్చి నా కాలు చూసి పోయారు. మర్పల్లినుంచి ఎవరో బండి కట్టుకుని వస్తున్నారని కబురొచ్చింది. నేను గుమ్మంలో కూర్చుని అందరికీ సమాధానాలు చెప్పాను. ఎంత గొప్పగా చెప్పానో తలచుకుంటే ఇప్పుడు నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

మంగళవారం ఆయన పెరట్లోకి నడుస్తుంటే కుడికాలి రబ్బరు చెప్పు ఊడిపోయింది. ఆయనకు తెలియలేదు. ఉత్తకాలుతో నాలుగడుగులు వేశాడు. పంజా వేలాడి నేలకు టపటపమని కొట్టుకుంటోంది. నేను బావి దగ్గర నిలబడి చూశాను. పరుగెత్తి పోయి చెప్పు తీసి తొడిగాను, ఏమీ కానట్టు. తొడుగుతూ బొటనవేలిని గోటితో గిచ్చాను. ఆయన కదల్లేదు.

డాక్టరు చెప్పింది ఇదేనని నాకు అప్పుడే తెలుసు. నొప్పి పోయింది తగ్గి కాదు, నరం చచ్చి. తెలిసి కూడా నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నావంటే గొప్ప కారణాలేమీ లేవు. మా అత్త అందించిన చాయ, గుమ్మంలో ఆడవాళ్లు, మర్పల్లి బండి. ఒకటి రెండు రోజుల్లో కాలు అదే లేస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. రోజూ రాత్రి ఆయనకు తెలియకుండా పాదం గిచ్చి చూసేదాన్ని. మూడో ఆదివారం మళ్లీ పసుపు రాసి, దండం పెట్టి, తువ్వాల చుట్టుకుని తన్నాను. ఆయన గోడకు ఆనుకుని నెమ్మదిగా, "తన్నినవా?" అని అడిగాడు. మాట్లాడాడని మా అత్త కోప్పడింది. తన్ను తగిలినట్టు కూడా ఆయనకు తెలియలేదు.

గురువారం పొద్దుటినుంచి ఆయనకు ఒంటికి రాలేదు. మధ్యాహ్నానికి పొట్ట ఉబ్బింది, ఎడమకాలు కూడా తడబడింది. అప్పుడు నేను ఎవరి మాటా వినలేదు. మా అత్త వాకిలికి అడ్డం కూర్చుంటే దాటి, మా మరిది చేత బండి కట్టించి, దొరికిన రైలెక్కించాను. హైదరాబాద్ పెద్దాసుపత్రిలో చూడగానే లోపలికి తీసుకున్నారు. కోత పెట్టే డాక్టరు కాగితం పట్టుకుని వచ్చి అడిగాడు, "కాలు ఎప్పటినుంచి లేవట్లేదు?"

మా మరిది పక్కనే ఉన్నాడు. "నిన్నటిసంది" అన్నాను.

ఆయన అదే రాసుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక మంచం దగ్గరికొచ్చి మా ఆయనతో, "ఒక్క రోజులో వచ్చారు కాబట్టి కాలు తిరిగి వస్తుందని గట్టి ఆశ ఉంది. రోజూ పంజా పైకి లేపే ప్రయత్నం చెయ్యి" అన్నాడు. నా అబద్ధం మీద కట్టిన ఆశ అది. మా ఆయన దాన్ని పట్టుకుని వేలాడాడు. పది రోజుల్లో ఒంటేలు దారికొచ్చింది, నడుము నొప్పి పూర్తిగా పోయింది, ఎడమకాలు గట్టిపడింది. కుడి పంజా లేవలేదు. ఏడాది పొడుగునా పొద్దునా సాయంత్రం అరుగు మీద కూర్చుని, కుడిపాదం వైపు చూస్తూ, నుదుటి నరాలు ఉబ్బేలా ప్రయత్నం చేసేవాడు. పక్కనే కూర్చుని నేను కందులు చెరిగేదాన్ని. వేలు కదిలిందా అని అడిగేవాడు. కొంచెం కదిలిందనేదాన్ని.

ఏడాది తర్వాత మానేశాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు చెయ్యి జారి నరం కోసేశాడని తేల్చుకున్నాడు. గనికి పోలేక రాయి పాలిష్ చేసే మిషన్ల దగ్గర కాపలాకు కుదిరాడు. లారీలవాళ్లు కాలికేమైందంటే, "కోపిచ్చుకున్న, గిట్లయింది. మీరు మాత్రం కత్తి దగ్గరికి పోకున్రి" అనేవాడు. బషీరాబాద్ మనిషిని జనం మరిచిపోయారు. ఇప్పుడు ఊళ్లో చెప్పుకోవడానికి తాండూరు మనిషి దొరికాడు. ఆయన మాట విని ఎంతమంది నడుములు పట్టుకుని ఇళ్లలో పడి ఉన్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా నేను అడగలేదు.

నేను తన్నడం మానేశాను. మొగుణ్ని తన్నినందుకు నా కాలి మహిమ పోయిందని మా అత్త వీధిలో ప్రచారం చేసింది. పోనీలే, ఎవరూ రాకుండా అదైనా చేసిందని ఊరుకున్నాను.

ఎనభై నాలుగులో మా మరిదికి అదే జబ్బు, అదే గని, దాదాపు అదే బండ. వికారాబాద్ డాక్టరు ఈసారి చెక్కబల్ల మాట కూడా ఎత్తలేదు. పంజా బలం తగ్గుతోంది, హైదరాబాద్ పొమ్మన్నాడు. మరుసటి పొద్దున మా అత్త, మా ఆయన, మరిది, అతని భార్య వాకిట్లో కూర్చున్నారు. మా ఆయన తన కుడికాలిని చేత్తో ఎత్తి ముందుకు పెట్టాడు. "ఇగో, చూడు. గిదే అవుతది నీకు. నా మాటిను, పోకు." మరిది ఆ కాలు వైపు చూసి తల దించుకున్నాడు. అతని భార్య ఏడుస్తోంది. అప్పుడు మా అత్త, ఎనిమిదేళ్లుగా మహిమ పోయిందని నన్ను ఆడిపోసుకున్న మనిషి, నా వైపు తిరిగింది. "ఇంటోళ్లకైతె ఇంక పనిచేస్తదేమో. ఒక్కసారి తన్నవే."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆవిడ మీదనా, నా మీదనా అని విడదీసి చెప్పలేను.

"నేను తన్న. ఆపరేషన్‌తోని ఆయన కాలు పోలె" అన్నాను. "అంతకు ముందుగాలనే పడ్డది. చెప్పు ఊడితే తెలుస్తలేకుండె, నేనే తొడిగిన. వికారాబాద్ డాక్టర్ నాతోని ముందే చెప్పిండు, గట్లయితె గా దినమే తీస్కపొమ్మని. తెలిసి కూడ మూడో ఆదివారం తన్నిన. హైదరాబాద్‌ల నిన్నటిసంది అని అబద్ధం చెప్పిన. గా డాక్టర్ తప్పు లేదు." మరిది వైపు తిరిగాను. "నువ్వు ఇయ్యాలనే పో."

మా అత్త లేచి వచ్చి నా చెంప మీద కొట్టింది. నేను ఆపలేదు. మా ఆయన నన్ను చూడలేదు. తన పాదాన్నే చూసుకుంటూ తమ్ముడితో, "బట్టలు సదురుకో. నేను గూడ వస్త" అన్నాడు.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు మా మరిది దుప్పటి కిందనుంచి కాలు బయటపెట్టి పంజా పైకి లేపాడు. అలవోకగా, నవ్వుతూ, మళ్లీ మళ్లీ లేపాడు. మా ఆయన మంచం కాళ్ల దగ్గర నిలబడి అంతా చూశాడు. తమ్ముడి పాదం చేత్తో నిమిరాడు. "మంచిగైంది" అన్నాడు.

సాయంత్రం మరిది దగ్గర అతని భార్యను ఉంచి, పాసింజరులో మేమిద్దరమే తాండూరుకు తిరుగుప్రయాణమయ్యాం. ఆ పొద్దున వాకిట్లో జరిగినప్పటినుంచి ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వికారాబాద్‌లో బండి చాలాసేపు ఆగింది. కదిలాక, కిటికీ బయటికి చూస్తూనే అడిగాడు.

"ఎన్ని దినాలు దాచినవ్?"

ఇంకోసారి అబద్ధం చెప్పొచ్చు. రెండు రోజులంటే కొంచెం తేలికయ్యేదేమో.

"తొమ్మిది" అన్నాను.

ఆయన తాండూరు వచ్చాక లేచి తలుపు దాకా పోయాడు. ప్లాట్‌ఫారం కిందికి ఉంటుంది, కుడికాలు ఆనదు, ఎనిమిదేళ్లుగా నా భుజం పట్టుకునే దిగేవాడు. నేను ముందు దిగి చేయి చాచాను. ఆయన నా చేతిని చూసి, తలుపు పక్కన ఇనుప కమ్మీ రెండు చేతులా పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ తనే దిగాడు.